ఎండని వడియాలు

ఆన్‌లైన్‌లో వ్యాపారం పెట్టినవాడికి మొట్టమొదట కావలసింది పెట్టుబడి కాదు, ముక్కూమొహం తెలియని ఒక్క మనిషి. ఎచ్చెర్లలో రెండేళ్ళు ఎంబీయే చదివినా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. లేదా చెప్పిన రోజున నేను క్లాసులో లేను. రెండోదే నిజమై ఉంటుంది.

మేం అమ్మింది నువ్వుల వడియాలు. బూడిదగుమ్మడి కోరూ మినప్పిండీ కలిపి, చేతికి అడ్డు లేకుండా నువ్వులు పోసి, మేడ మీద గుడ్డ పరిచి పెట్టడమే. పెట్టేది మా అప్ప. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ కోటబొమ్మాళిలోనే, రెండు వీధుల తేడా. పెళ్ళి చేసుకుని ఆమె ప్రయాణించిన దూరం అంతే. నేను మాత్రం విశాఖపట్నం దాకా వెళ్ళి పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాను. తర్వాత ఆ కంపెనీ నన్ను తీసెయ్యడానికి మొహమాటపడి తనే మూతపడింది.

ఇంటికి వచ్చాక పొలం బావ చూసుకునేవాడు, ఇల్లు అప్ప చూసుకునేది, నేను ఫోను చూసుకునేవాణ్ణి. అలా చూస్తుండగా ఒకరోజు ఆ ఫోన్లో అప్ప వడియాలు అమ్మితే ఎలా ఉంటుందనిపించింది. ఒప్పుకోదనుకుంటూనే అడిగాను. చేతిలో చాట కింద పెట్టింది.

"ఎక్కడెక్కడికెళ్తాయిరా?"

"ఎక్కడికైనా."

"రైలెళ్ళే ఊళ్ళన్నిటికీనా?"

"రైలెళ్ళని ఊళ్ళకి కూడాను."

"అయితే మీ బావని రేపు గుమ్మడికాయలు అట్టుకురమ్మను," అంది.

తమ్ముడి కోసం ఒప్పుకుందని నేను చాలా రోజులు గర్వపడ్డాను.

మొదటి వారం ఆర్డర్లు బాగానే వచ్చాయి. అన్నీ చుట్టాలవే. పిన్ని పెట్టింది, పిన్ని తోటికోడలు పెట్టింది, ఆవిడ పెట్టిందని తెలిసి ఇంకో పిన్ని పంతానికి రెండు పెట్టింది. పక్కవీధి మావ ఫోన్లో ఆర్డరు పెట్టి, వచ్చి మా అరుగు మీదే కూర్చుని డెలివరీ కోసం చూశాడు. "ఆలస్యమైతే రేటింగు తగ్గించీమన్నాడ్రా మా వోడు," అన్నాడు కాఫీ తాగుతూ. పేజీకి లైకులు కొట్టినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెడితే మా ఇంట్లో పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ జాబితా తయారవుతుంది. ఇలాంటి ఊపు మూడో వారానికి ఆగిపోతుందని నాకు తెలుసు. ఒక మనిషి ఎంత అభిమానం ఉన్నా ఎన్ని వడియాలని తినగలడు?

నాకు తెలియనివాళ్ళు కావాలి. ఒక్కరైనా చాలు. మా ఇంటిపేరు తెలియకుండా, జాలి లేకుండా, వడియం కోసం వడియం కొనే మనిషి.

నాలుగో వారంలో దొరికింది. విజయనగరం నుంచి ఒకావిడ అరకిలో అడిగింది. పేరు చూశాను, ఇంటిపేరు చూశాను, మాకు ఎటునుంచీ రాదు. ఆ రోజు అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అప్ప ఫోన్లో ఉంది. లేబుల్ మీద తన నంబరే ఉండాలని ముందే పట్టుబట్టింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

"అలో... వొడియాలడిగినారు గదమ్మా, నాను ఆటిని సేసినదాన్ని. ఏ ఊరమ్మా మీది?... విజీనారం ఇప్పుడున్న ఊరు గదమ్మా, అసలూరు సెప్పు."

అసలూరు వచ్చింది. ఆ తర్వాత అమ్మ పుట్టిల్లు వచ్చింది. ఆ పుట్టింటి ఆడపడుచుని ఇచ్చిన ఊరు వచ్చింది. నాలుగు నిమిషాల్లో బావ పినతండ్రి మనవరాలి దాకా వచ్చేశారు. "అయితే నువ్వు నాకు వొదినవవుతావమ్మా!" అంది అప్ప, పోయిన నగ దొరికినట్టు. నేను నెల రోజులు ఎదురుచూసిన అపరిచితురాలు నా కళ్ళముందే వదినైపోయింది. వదిన కాబట్టి అరకిలోకి తోడు ఇంకో పావుకిలో ఊరికే వెళ్ళింది.

"అప్పా, కొన్నవాళ్ళకి ఇలగ ఫోన్లు సెయ్యకూడదు. ఆళ్ళ టైము ఆళ్ళకుంటాది," అన్నాను.

"వొడియం తినీవోళ్ళకి మాటాడ్డానికి టైముండదేట్రా?"

నేను వెళ్ళి ఆ పావుకిలోని ఖర్చుల కింద రాసుకున్నాను.

అయితే ఆ రోజు నేను పూర్తిగా వినలేదు. తర్వాత వరసగా కొన్ని ఫోన్లు విన్నాక తెలిసింది, వరస కలపడం ఆ మాటల్లో మొదటి సగమే. కలిసినా కలవకపోయినా పెట్టేసే ముందు గొంతు కాస్త తగ్గించి ఒకటే అడిగేది. "మీ వేపు మా నేస్తం ఉన్నాదేటమ్మా? రైల్వే కీమేన్ కూతురు. మా ఊరి టేసన్ కోటర్సులో ఉండీవోరు."

నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. మా వైపు ఇద్దరు ఆడపిల్లలకి మరీ పడితే పెద్దవాళ్ళు నేస్తం కడతారు. అమ్మవారి పండగ రోజున ఇద్దరూ గాజులు మార్చుకుంటారు, బొట్టు పెట్టుకుంటారు, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెడతారు. ఆ రోజునుంచి అది చుట్టరికం కింద లెక్క. ఆమె అమ్మ ఈమెకి అమ్మ, ఈమె తమ్ముడు ఆమెకి తమ్ముడు. పెళ్ళికి విడాకులున్నాయి గానీ నేస్తరికానికి నేనెక్కడా వినలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఇక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఇటు నేస్తం, అటు నేస్తం. అంతే.

కాబట్టి మా అప్ప ఆ మనిషిని దేశమంతా వెతుకుతోంది, పేరు చెప్పకుండా.

"పేరు సెప్పకపోతే ఆళ్ళకెలగ తెలుస్తాది?" అన్నాను.

"నేస్తాన్ని పేరెట్టి పిలుస్తారేట్రా ఎవులైనా?"

"పిలవొద్దు. సెప్పు సాలు."

"సెప్పడం, పిలవడం రెండూ నోటితోనే గదా సేస్తారు," అని లేచిపోయింది.

నాకా పేరు తెలీదు. వాళ్ళు ఊరు వదిలేనాటికి నాకు మూడేళ్ళు. నేస్తం చంక దిగేవాణ్ణి కాదట. ఇంట్లో అందరూ ఆమెని నేస్తం అనే అనేవారు కనక నేను మొదట నేర్చిన మాటల్లో అదొకటట. ఆమె మొహం నాకు గుర్తులేదు. అంత ఎత్తుకుని తిరిగిన మనిషి గుర్తులేకపోవడం నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది, అయినా మూడేళ్ళవాడు అంతకంటే ఏం చేస్తాడు.

ఆ నువ్వుల వడియాలు మావి కావు. నేస్తం వాళ్ళమ్మవి. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం దాటి అవతల, ఒడిశాలో. వడియాన్ని 'బొడి' అనేదట. క్వార్టర్సు ముందు మంచం మీద గుడ్డ పరిచి ఆవిడ పిండి కలిపితే, అమ్మాయిలిద్దరూ వరసలు పెట్టేవారు. ఎవరి వరస ఏదో తెలియాలని నేస్తం తన వాటి నెత్తిన చిటికెన వేలితో చిన్న గుంత నొక్కేదట. అప్ప నొక్కేది కాదు. కాకి ఎత్తుకుపోతే ఎవరిది ఎత్తుకుపోయిందో తెలియడానికి ఆ ఏర్పాటు. ఎప్పుడూ గుంత లేనివే పోయేవని అప్ప ఇప్పటికీ అంటుంది. కాకి మీద ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కీమేన్ అంటే రోజూ పట్టాల వెంట నడిచి వదులైన మేకులు బిగించేవాడు; వాళ్ళ నాన్నకి బదిలీ వచ్చింది. రెండ్రోజుల్లో వెళ్ళాలి. ముందురోజు ఇద్దరూ కలిసి పెట్టిన వడియాలు గుడ్డ మీదే ఉన్నాయి, పైగా మబ్బు పట్టింది. రైలు వేళయ్యేసరికి అప్ప వాటిని గుడ్డ నుంచి గీరి, సగం పచ్చిగానే తువ్వాల్లో మూటకట్టి స్టేషనుకి పరిగెత్తింది. పాసింజరు మా ఊళ్ళో ఎంతసేపు ఆగుతుందో పాసింజర్లకి కూడా సరిగ్గా తెలీదు. కిటికీలోంచి మూట అందించింది. నేస్తం విప్పి చూసి, "ఇవి ఎండలేదే!" అంది. రైలు కదిలింది. "ఆరబెట్టుకో," అని అప్ప అరిచింది. వినబడిందో లేదో.

తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో వడియాల ప్రస్తావన లేదు. ఆపైన వాళ్ళకి ఇంకెక్కడికో బదిలీ అయింది, ఉత్తరాలు ఆగిపోయాయి.

"బూజు పట్టుంటాయిరా," అంది అప్ప నాతో ఒక మధ్యాహ్నం, పిండి గిన్నె అంచు వేలితో తుడుస్తూ. "పట్టకేటి సేస్తాయి? రైల్లో గాలాడని మూట. ఆళ్ళమ్మ ఇప్పి సూసి పారీసుంటాది. ఆకర్న నాను దానికిచ్చినవి అయ్యి."

"చిన్నపిల్లవి. దానికేటప్పా ఇప్పుడు?"

"ఏటీ లేదు. ఒక్కపాలి ఎండినవి పంపాల."

నా వ్యాపారానికి అసలు కారణం అది. నేను రాసుకున్న ప్రణాళికలో 'మా లక్ష్యం' అనే శీర్షిక కింద నాలుగు వాక్యాలున్నాయి. ఆ సాయంత్రం వాటిని మళ్ళీ చదువుకుంటే ఎవరో వేరేవాళ్ళ వ్యాపారంలా అనిపించింది.

తమ్ముణ్ణి కదా, నా వంతు నేనూ వెతికాను. అప్పతో చదువుకున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళి పేరు కనుక్కున్నాను. మా జిల్లా బస్సులో ఆ పేరు గట్టిగా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు, ఐదో ఆవిడ నిద్రలోంచి లేస్తుంది. ఫోన్లో ఆ పేరు కొట్టి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ చూశాను. ఆ వయసు ఆడవాళ్ళు తమ ఫోటో పెట్టుకోరు. దేవుణ్ణి పెడతారు, లేకపోతే గులాబీని, లేకపోతే మనవణ్ణి. నేను వందమంది మనవలని చూసి అప్ప దగ్గరికి వెళ్ళాను.

"అప్పా, పేరు తెలిసింది. ఈ ఫొటోల్లో..."

ఆమె రెండు చెవులూ మూసుకుంది. పిండి చేతులతోనే. "నా ముందు అనకు!" అంది. చెవుల నిండా మినప్పిండి. ఆ సంగతి అక్కడితో ఆపేశాను.

ఈలోగా వ్యాపారం నా ప్రమేయం లేకుండా ఊపందుకుంది. విజయనగరం వదిన తన అపార్ట్‌మెంట్ గ్రూపులో మా సంగతి పెట్టింది. అందులో ఒకావిడ చెల్లెలు ఖరగ్‌పూర్‌లో ఉంది. ఖరగ్‌పూర్‌నుంచి భిలాయ్, భిలాయ్‌నుంచి రాయపూర్. మావాళ్ళు పని వెతుక్కుంటూ రైలు పట్టాలు ఎటు వెళ్తే అటు వెళ్ళారు. ఆర్డర్లు ఆ పట్టాల మీదే వెనక్కి వచ్చాయి. ఒక మేడ చాలక పక్కింటివాళ్ళ మేడ అడిగాం, ఆపైన వాళ్ళ పక్కింటిదీ. ఎండే మా ఫ్యాక్టరీ. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే మా కార్మికులు సమ్మె కట్టినట్టు.

ఒక భిలాయ్ ఆవిడ నెల తిరక్కుండా రెండోసారి ఆర్డరు పెట్టింది. అంత నచ్చాయా అని అడిగితే, "వడియాలింకా డబ్బాలో ఉన్నాయి బాబూ. అప్ప ఫోన్ సేస్తాదని పెట్టినాను," అంది. ఆ భాష విని చాలా రోజులైందట. ఇంట్లో పిల్లలు హిందీ మాట్లాడతారట. అప్ప ఆవిడతో ముప్పావుగంట మాట్లాడింది. నేను ప్రకటనల గురించి చదివినదంతా మర్చిపోవడానికి ఆ ముప్పావుగంట సరిపోయింది. ఇక ఫోన్లు వద్దని చెప్పలేదు.

అలా ఒకరోజు రాయపూర్‌నుంచి కబురు వచ్చింది. కొన్నావిడే చెప్పింది. వాళ్ళ కాలనీ చివర ఒకామె ఉంది, మీ వైపు మనిషే, కీమేన్ కూతురు, వయసు కూడా మీ అంతే ఉంటుంది. ఫోన్ నంబరు తెలీదు గానీ ఇంటి అడ్రసు ఉంది.

 అప్ప ఆ అడ్రసు నాచేత రెండుసార్లు రాయించింది. ఆ వాయి వడియాలని రెండు రోజులు ఎండలో ఉంచాలి, నాలుగు రోజులుంచింది. రోజూ ఒకటి తీసి చెవి దగ్గర విరిచి వినేది. పెట్టేటప్పుడే ఒక వరసకి చిటికెన వేలితో గుంతలు నొక్కింది. పేకెట్టులో గుంతవీ, గుంత లేనివీ సగం సగం వేసింది. చీటీ రాస్తానన్నాను. "ఎందుకు? సూస్తే తెలుస్తాది," అంది.

బావ దాన్ని కొరియర్‌కి ఇవ్వడానికి కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. "ఏటి బావా, పెళ్ళిసూపులకా?" అన్నాను.

"ఒరే, మీ అప్ప ఈ పేకెట్టుని సూసినట్టు నన్నెప్పుడైనా సూసిందేట్రా? మరేదో ఉన్నాది ఇందులో," అని స్కూటరు మీద తనకీ హ్యాండిల్‌కీ మధ్య పసిబిడ్డలా పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాత వారం నా ఉద్యోగం ఒకటే.

"ఎక్కడున్నాదిరా ఇప్పుడు?"

"విజీనారంలో ఉన్నాదప్పా."

"ఇంకా విజీనారమేనా! రైలెక్కిందా?"

"లారీలో ఎల్తాదేమో."

"లారీయా? పైన కప్పుంటాదా? వానొస్తే?"

కొరియర్ వాళ్ళ యాప్‌లో 'దారిలో ఉంది' అని మాత్రమే రాసి ఉంటుంది. ఆ మాటకి ఇన్ని రకాలుగా అర్థం చెప్పవలసి వస్తుందని ఆ యాప్ తయారుచేసినవాడు అనుకుని ఉండడు. ఏడో రోజు 'అందింది' అని వచ్చింది. ఆ సాయంత్రమే రాయపూర్ నంబరునుంచి ఫోను. లేబుల్ మీది నంబరు చూసి ఆవిడే చేసింది. అప్ప చెయ్యి చీరకి తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. నేను ఎదురుగా నిలబడ్డాను. బావ గుమ్మంలో.

"నేస్తం?" అంది.

అవతలి మాట మాకు వినబడలేదు. అప్ప మొహం చూశాం.

ఆవిడ కీమేన్ కూతురే. మా వైపు మనిషే. కానీ వాళ్ళ నాన్న పనిచేసింది వేరే స్టేషన్లో. కోటబొమ్మాళి ఎప్పుడూ దిగలేదు. తనకి నేస్తం ఎవరూ లేరు. వడియాలు మాత్రం చాలా బాగున్నాయి, ఎవరు పంపారో చెబితే డబ్బులు పంపుతుంది. అప్ప ఆవిడతో పదకొండు నిమిషాలు ఎంతో మర్యాదగా మాట్లాడింది. అసలూరు అడిగింది. అమ్మ పుట్టిల్లు అడిగింది. ఎటునుంచి ఎటు లాగినా వరస కలవలేదు.

"తినమ్మా, డబ్బులొద్దు," అని ఫోను నాకిచ్చి మేడ మీదకి వెళ్ళింది.

ముక్కూమొహం తెలియని, ఏ చుట్టరికమూ లేని మనిషి ఒక్కరు కావాలని ఎన్ని రోజులు కోరుకున్నానో, ఆ మనిషి దొరికింది. వచ్చే నెల రెండు కిలోలు కావాలని కూడా అడిగింది. నేను ఆ నంబరుని ఎలా దాచుకోవాలో తెలియక 'రాయపూర్, నేస్తం కాదు' అని సేవ్ చేసుకున్నాను. ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాతి ఏడాది ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడివాళ్ళు మా వడియాలు పెట్టుకుంటామన్నారు. వాళ్ళ పద్ధతిలో కొన్నవాళ్ళ నంబరు మనకి కనబడదు, మన నంబరు వాళ్ళకి కనబడదు. లేబుల్ మీద అప్ప నంబరు తీసెయ్యాలి. ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను మూడు రోజులు తిరిగాను. చెబితే ఆమె ఒక్కటే అడిగింది.

"ఎక్కువ ఊళ్ళకెళ్తాయా?"

"అన్ని ఊళ్ళకీ ఎల్తాయప్పా."

"అయితే పెట్టు."

పెట్టాను. ఇప్పుడు మాకు నలుగురు పనివాళ్ళున్నారు. భోగాపురం విమానాశ్రయం దగ్గరే కదా, విదేశాలకి పంపరేమని కొరియరతను నన్ను అడుగుతుంటాడు. రోజూ వచ్చే ఆర్డర్లలో చుట్టం ఒక్కరు కూడా లేరు, ఉన్నా తెలీదు. పేరు స్థానంలో ఒక అంకె, ఊరి స్థానంలో ఇంకో అంకె. పేకెట్టు మీద స్టిక్కరు అంటించేటప్పుడు నాకు నోటిదాకా వస్తుంది, అసలూరేది అని. అడగడానికి అవతల ఎవరూ ఉండరు. సాయంత్రం నాలుగు గంటలకి, ఒకప్పుడు అప్ప ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చునే వేళలో ఇల్లు ఇప్పుడు చాలా క్రమశిక్షణగా ఉంటుంది. భిలాయ్ ఆవిడ అప్పుడప్పుడూ చేస్తుంది. ఆవిడ డబ్బాలో వడియాలింకా అవలేదు.

ఫిర్యాదులు మొదలైంది ఆ చలికాలంలోనే. 'పేకెట్టులో ఒక వడియం సొట్టపోయింది.' 'ఒకటి డేమేజీ.' ఒకాయన ఫొటో తీసి, గుంత చుట్టూ ఎర్ర గీత గీసి పంపాడు. పేకెట్టుకి ఒకటి, సరిగ్గా ఒకటే. నేను పనివాళ్ళని అడగలేదు. మేడ మీదకి వెళ్ళి చూశాను. తెల్లగుడ్డ మీద వరసల చివర, అప్ప పెట్టుకున్న విడి వరస. చిటికెన వేలి గుంతలు.

నాణ్యత గురించి చెప్పాలి కదా. యజమానిని కదా. "అప్పా..." అన్నాను.

"ఏటి?"

"ఏటీ లేదు. కాకులు జాగర్త," అని దిగొచ్చేశాను.

అప్పటినుంచి ఫిర్యాదులన్నిటికీ నేనే స్వయంగా జవాబు రాస్తాను. అది లోపం కాదండీ, చేత్తో పెట్టిన గుర్తు అని. ఐదు నక్షత్రాలిచ్చినవాళ్ళని చదవను. వాళ్ళకి అన్నీ నచ్చుతాయి. గుంతని పట్టించుకున్నవాళ్ళనే చదువుతాను, ఒక్కొక్కరినీ, నిదానంగా.

పోయినవారం ఒకటి వచ్చింది. మూడు నక్షత్రాలు. తెలుగులో రాశారు, అక్షరాలు వెతుక్కుని వెతుక్కుని కొట్టినట్టుంది. మేడ మీద అప్పకి వినిపించాను.

"రుచి బాగుంది. నాలుగు పేకెట్లు తీసుకున్నాను. నాలుగింట్లోనూ ఒక్కొక్కటి గుంత ఉంది. బాగా ఎండాయి."

అప్ప చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది.

"ఎవులు రాసినారు?"

"పేరుండదప్పా."

"ఊరు?"

"అదీ ఉండదు. ఎవరైనా రాయొచ్చు. వడియాలన్నాక ఎండాయా లేదా అని అందరూ..."

"ఆకరిమాట ఇంకోపాలి సదువు."

"బాగా ఎండాయి."

ఆమె వంగి ముద్దని గుడ్డ మీద పెట్టింది. చిటికెన వేలు దాని మీదకి తెచ్చి, నొక్కకుండా కాసేపు ఆగింది. సముద్రం వైపు మబ్బు లేస్తోంది.

"మూడు సుక్కలేనా ఇచ్చినాది?" అంది.

"మూడే."

"మిగిలిన రెండూ ఇస్తాదిలే," అని వేలు నొక్కి, నన్ను చూడకుండానే, "బేగి రా. ఆ సివరట్టుకో, ఎండలోకి జరుపుదాం," అంది. నేను ఫోను జేబులో పెట్టి గుడ్డ రెండో చివర పట్టుకున్నాను.